మా వాకిట్లో ఒక్క గీత ముగ్గు

మొన్న జగిత్యాలలో, మా బిడ్డ ఉండే గల్లీలో, పక్కింటి కోడలి వాకిలి ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉండడం చూశాను. ఆ పిల్ల ఊడుస్తుంది, నీళ్లు చల్లుతుంది, ముగ్గు మాత్రం వెయ్యదు. పెనిమిటి మస్కట్‌లో ఉంటాడు, ఫోను కలవడం లేదట. "ఏ సంగతి తెల్వకముందే ముగ్గులేంది, నలుగురు ఏమనుకుంటరు" అని అత్త ఆపించిందట. ఆ మాట విన్నాక నేను ఊరుకోలేదు. బిడ్డ ఇంట్లోంచి ముగ్గుడబ్బా పట్టుకుపోయి, మోకాళ్లు పట్టేసినా వంగి, వాళ్ల గడప ముందర నేనే వేశాను. అత్త లోపలి నుంచి దగ్గింది. నేనూ గట్టిగా దగ్గాను.

ఆ పిల్ల గోడకు ఆనుకుని చూసి చూసి, "అమ్మమ్మా, మొత్తం ఒక్క గీతతోని ఎట్ల అచ్చింది?" అని అడిగింది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నేను చదువుకున్నదాన్ని కాను. రెండో తరగతిలోనే పలక పక్కన పెట్టి నూలు కండెలు చుట్టడానికి కూర్చున్నాను. రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. జరిగినదాంట్లో మాత్రం దిద్దడానికేమీ లేదు.

మా ఇల్లు అప్పుడు సిరిసిల్లలో. మరమగ్గాన్ని మా దిక్కు సాంచె అంటారు. గల్లీ గల్లీకి సాంచెల చప్పుడు, గంజి కాగే వాసన, ఇనుముకు పూసిన నూనె వాసన. ఆ చప్పుడుకు అలవాటుపడ్డ పిల్లలం కదా, సాంచెలు బంద్ పడిన ఏడు మొదట మా నిద్ర చెడింది. తర్వాత పొయ్యి చెడింది. పొద్దున మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్క, మాపటికీ అదే మక్క గట్క. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ముక్క ఎవరి గిన్నెలో పడితే ఆ పూటకు వాళ్లే దొరలు. మగవాళ్లు ఒక్కొక్కరే మూట కట్టి, మహారాష్ట్రలో సాంచెలు నడిచే భివండికి బస్సు ఎక్కారు. మా బాపు, అంటే మా నాయన, కూడా ఎక్కాడు. "సాంచెలు మళ్ల నడిస్తే కబురు చెయ్యి, ఉరికొస్త" అని మా అవ్వతో అన్నాడు. అవ్వ అంటే మా అమ్మ. నన్ను ఎత్తుకుంటే ఆయన చొక్కాకు నూలు దుమ్ము వాసన. బస్సు కదిలాక కూడా అది నా ముక్కులోనే ఉంది.

ఒకే ఇంట్లో రెండు కాపురాలు మావి. కుడివైపు పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, ఆయన భార్య పెద్దమ్మ, వాళ్ల బిడ్డ. ఆమెను నేను అక్కా అనేదాన్ని. ఎడమవైపు అవ్వ, నేను. నాయినమ్మ రెండు వైపులా తినేది, రెండు వైపులనూ తిట్టేది. వాకిలి మాత్రం ఒక్కటే, నలుచదరంగా, పేడతో అలికితే తళతళలాడేది. ఒకరోజు పెద్దమ్మ, ఒకరోజు అవ్వ ముగ్గు వేసేవాళ్లు. నిలువు ఎన్ని చుక్కలో అడ్డం అన్ని చుక్కలు. నలుచదరం వాకిలికి నలుచదరం చుక్కలే శుభమని నాయినమ్మ పట్టుదల.

మొదట్లో భివండి నుంచి కార్డులు వచ్చేవి. తర్వాత ఆగిపోయాయి. ఆ ఎండాకాలంలో అక్కడి నుంచి తిరిగొచ్చిన ఒకాయన మా అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి, పెద్దబాపుతో మెల్లగా చెప్పాడు.

"అన్నా, మీ తమ్ముడు పనిచేసే షెడ్డు గోడ కూలిందే. మనోళ్లు శానమంది దాని కిందనే ఉండిపోయిండ్రు."

"నువ్వు చూసినవా?"

"నేను చూడలే. అనుకుంటున్రు."

నాయినమ్మ ఏడుపు గల్లీ చివరిదాకా వినబడింది. అవ్వ ఏడవలేదు. చాటలో మక్కలు చెరుగుతున్నది, చెరుగుతూనే ఉంది, పొట్టు లేకున్నా చెరుగుతూ ఉంది.

ఆ మాట వచ్చేనాటికి అక్కకు కోరుట్ల సంబంధం ఖాయమై ఉంది. పిల్లగాడి తరఫున మధ్యవర్తి వచ్చాడు. "ఇంట్ల మనిషి పోయిండంటున్రు, దినాలు చెయ్యలే, మైల తీరలే. గిట్లుంటే లగ్గమెట్లయితది?" అన్నాడు. పెద్దబాపు చెడ్డవాడు కాదు. తమ్ముడి కోసం మూడు రోజులు అన్నం ముట్టలేదు. కాని బిడ్డ పెళ్లి ఆగిపోతుందంటే ఏ తండ్రి ఊరుకుంటాడు? అవ్వ దినాలకు ఒప్పుకుని, పుస్తెలు తీసి, ముగ్గు మానితే అందరి దారీ తేలికవుతుందని ఆయన లెక్క. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడే ఆచారం మా ఇంట్లో లేదు. అవ్వ ఎదురుగానే ఉన్నా ఆయన గోడవైపు తిరిగి నాయినమ్మకు చెప్పేవాడు.

"అమ్మా, నీ చిన్నకోడలుకు జెప్పు. పెద్దమనుషులు పంచాయితికి కూసుంటరట."

అవ్వ కూడా నాయినమ్మకే చెప్పింది. "అత్తా, మా బావకు జెప్పు. సచ్చినోన్ని చూసినోడు ఒక్కడొచ్చి నా ముంగట నిలవడమను. అప్పుడు ఏది తియ్యమంటే అది తీస్త. ఎవడో అనుకున్నడని నేను బొట్టు తుడుసుకోను."

"మొండిదిరా ఇది," అని నాయినమ్మ ఇద్దరికీ కలిపి చెప్పింది.

మర్నాడు పెద్దబాపు వాకిలి నడిమికి ఇటుకలు పేర్చాడు. అటు సగం వాళ్లది, మైల పట్టిన సగం, ముగ్గు లేని సగం. ఇటు సగం మాది. గల్లీలో ఆడవాళ్లు నీళ్లకు పోతూ పోతూ ఆగి చూసేవాళ్లు. ఒకే ఇంటి ముందర సగం చావు, సగం బతుకు. ఒకామె నోరు నొక్కుకుని "సిగ్గు లేదా" అన్నది. అవ్వ వంగినది వంగినట్టే ఉండి, "ముగ్గుకు సిగ్గెందుకు? నువ్వు నిన్నటి ముగ్గే ఊడ్వలే, పో" అన్నది.

అయితే సగం వాకిలిలో నలుచదరం ఎట్లా పడుతుంది? అవ్వ అడ్డం మూడు చుక్కలు, నిలువు ఏడు చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసింది. మెలికల ముగ్గంటే గీత చుక్కల నడుమ వాలుగా పోతుంది, అంచుకు రాగానే మళ్లుతుంది, ఒక్కో చుక్కను చుట్టుకుంటూ పోతుంది. మామూలుగా అయితే గీత కాసేపటికి మొదలైన చోటికే వచ్చేస్తుంది, ఇంకా చుట్టాల్సిన చుక్కలు మిగిలే ఉంటాయి, మళ్లీ ఇంకోచోట మొదలుపెట్టాలి. ఆ రోజు అట్లా కాలేదు. అవ్వ చెయ్యి పోతూనే ఉంది. అన్ని చుక్కలనూ చుట్టి, చివరికి మొదటి చోటికి వచ్చి కలిసింది. అవ్వ నడుము నిలబెట్టి, ముగ్గును ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"ఎట్లయిందే ఇది?" అని నన్నే అడిగింది.

నాకు అదే పట్టుకుంది. నాయినమ్మ వేయించి చప్పరించడానికి దాచుకున్న చింతగింజల బుడ్డి ఎత్తుకొచ్చాను. ఇంట్లో అన్నం లేకున్నా తెగిన నూలు పోగులకు కరువు లేదు. గింజలను చుక్కలుగా పెట్టి, పోగును ముగ్గు గీతలాగ నడిపించేదాన్ని. పోగు మొదటి కొసను కలిస్తే ముడి. గింజలింకా మిగిలితే ఇంకో పోగు. మూడుకు మూడు పెడితే మూడు పోగులు పట్టాయి. మూడుకు నాలుగు పెడితే ఒక్కటే. నాలుగుకు నాలుగైతే నాలుగు. నాలుగుకు ఆరైతే రెండు. అక్క ఇటుకల అవతల కూర్చుని, తల్లి చూడకుండా మెడ చాపి చూసేది.

"ఆరుకు తొమ్మిది పెట్టి చూడవే," అన్నది ఒకరోజు.

పెట్టాను. మూడు పోగులు.

"ఎందుకు మూడే?"

ఉడకబెట్టిన గింజలు, మేం గుడాలంటాం, అవి పంచుకోవడం గుర్తొచ్చింది నాకు. ఆరు గింజలను ముగ్గురికి సమంగా పంచవచ్చు, తొమ్మిదిని కూడా ముగ్గురికి పంచవచ్చు, అంతకంటే ఎక్కువమందికి రెండూ కుదరవు. అందుకే మూడు పోగులు. నాలుగును, ఆరును ఇద్దరికి పంచవచ్చు, రెండు పోగులు. రెండు వైపులా ఒకే తీరుగా పంచడానికి కుదరకపోతే పోగు తెగదు, ఒక్కటే పోతుంది. ఎన్ని గింజలు మార్చి చూసినా ఇదే. అవ్వకు చెబితే మొదట నవ్వింది, తర్వాత పిండి చేతులతోనే కూర్చుని తానూ పోగు తిప్పింది. ఇద్దరం గట్క మాడబెట్టుకున్నాం ఆ రోజు. మాడు వాసన పట్టి నాయినమ్మ వచ్చి, చింతగింజలు చూసుకుని, మా ఇద్దరినీ కలిపి ఉతికింది.

ఆషాఢం వచ్చింది. కోరుట్ల వాళ్లు ఇక ఆగలేమన్నారని మధ్యవర్తి మళ్లీ వచ్చాడు. పెద్దమ్మ ఇటుకల దగ్గర నిలబడి ఏడ్చింది. "చెల్లె, నీ కాళ్లు మొక్కుత. నా బిడ్డ ఉసురు పోసుకోకు." అవ్వ మొహం మొదటిసారి పాలిపోయింది. గల్లీ తిట్టినప్పుడు నిలబడింది గాని, పెద్దమ్మ మొక్కినప్పుడు తట్టుకోలేకపోయింది.

అప్పుడు నాయినమ్మ తీర్పు చెప్పింది. ఆమె కొడుకే కదా, ఆమె మాటకు ఎదురు లేదు.

"రేపు పొద్దుగాల ఇటుకలు తీసెయ్యుండ్రి. వాకిలి మొత్తం ఒక్క ముగ్గు పడాలె. చుక్కలు నేనే పెడుత. చిన్నదానా, నువ్వు గీత గియ్యి. కొత్తగ ఇంకోకాడ మొదలుపెట్టద్దు. గీత తిరిగి మొదలైనకాడికి ఒచ్చి అన్ని చుక్కలను కలుపుకుంటే నా కొడుకు ఉన్నడు, తిరిగొస్తడు. లగ్గం ఉంటే ఉంటది, పోతే పోతది. కలవకపోతే నా కొడుకు లేడు. నువ్వు పుస్తెలు తీసి నా చేతుల పెట్టాలె."

అవ్వ "సరే అత్తా" అన్నది. సగం వాకిలిలో రోజూ కలుస్తున్నదని ఆమె ధైర్యం.

తెల్లారేసరికి గల్లీ అంతా మా ఇంటి ముందరే ఉంది. పెద్దబాపు ఇటుకలు తీసి గోడకు చేర్చాడు. అవ్వ తడి పేడతో అలికింది. ఆ పచ్చి వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. నాయినమ్మకు చూపు సగమే. వంగి, తడుముకుంటూ, జానతో కొలుచుకుంటూ చుక్కలు పెట్టింది.  కొడుకు కోసం కదా, శుభానికి లోటు రావద్దని, అలవాటు ప్రకారం నలుచదరమే పెట్టింది. అడ్డం ఏడు, నిలువు ఏడు.

 ఏడుకు ఏడంటే ఏడు పోగులు. వెయ్యిసార్లు గీసినా కలవదు.

"నాయినమ్మా, ఇది కలవదే!" అని అరిచాను.

"ఛీ, అపశకునం మాటలు. నోరు మూసుకో," అని పెద్దమ్మ నా నెత్తి మీద మొట్టింది.

"ఏడు ఏడు పెట్టింది అవ్వా! ఏడు పోగులైతయ్!"

అవ్వ నా దిక్కు చూసింది. చుక్కల దిక్కు చూసింది. నోటితో లెక్కపెట్టుకుంది, పెదాలు కదలడం కనబడింది. తర్వాత లేచి, గడప పక్కకు పోయి, చివరి వరుస అవతల ఇంకో వరుస పెట్టింది. టకటకమని ఏడు చుక్కలు. ఇప్పుడు ఏడుకు ఎనిమిది.

గల్లీ అంతా గోల చేసింది. "ఇది మోసం!" అన్నది అవ్వను సిగ్గు లేదా అన్న ఆమె. "ముసలామె పెట్టిన చుక్కలను పెంచుడేంది?"

"పెంచిన," అన్నది అవ్వ. "మీ అందరి ముంగటనే పెంచిన. దొంగతనంగ కాదు. గిప్పుడు చూడుండ్రి."

కూర్చుని గీత మొదలుపెట్టింది. పిండి జారుతున్నది, గీత వాలుగా పోతున్నది, అంచున మళ్లుతున్నది. పిడికిలి ఖాళీ అయితే ఆగినచోటే వేలు పెట్టి ఉంచుకుని, ఎడమచేత్తో పిండి అందుకునేది.  అక్క ఇటు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. గీత గడప దాకా పోయి, మూల తిరిగి, వెనక్కి వచ్చి, ఒక్క చుక్కనూ విడవకుండా చుట్టి చుట్టి, మొదలైన చోటికి వచ్చి కలిసింది.

నాయినమ్మ అక్కడే కూలబడి, "నా కొడుకున్నడు! నా కొడుకు బతికే ఉన్నడు!" అని నేల మీద చేతులు కొట్టింది. ఒకరిద్దరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పెద్దబాపు రెండు చేతులూ ఎత్తి సూర్యునికి మొక్కాడు.

అవ్వ అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. గెలిచింది కదా, నోరు మూసుకుంటే చాలు. కాని ఆమె లేచి చేతులు దులుపుకుని గట్టిగా చెప్పింది.

"లేదత్తా. గట్లనుకోకు. ఇది కలిసింది లెక్కతోని. ఏడుకు ఎనిమిది పెడితే ఎవరు గీసినా కలుస్తది. మొగడున్నది గీసినా, లేనిది గీసినా కలుస్తది. ఏడుకు ఏడు పెడితే ఆ దేవుడే వచ్చి గీసినా కలవదు. మనిషి ఉన్నడా లేడా అన్నది ఈ పిండి చెప్పదు."

"మరి ఎందుకు గీసినవే?" నాయినమ్మ ఏడుపు ఆగి కోపమైంది.

"నువ్వు పిండిని అడిగి నా పుస్తెలు తెంపుత అన్నవు. తెంపనియ్య అని గీసిన. రేపు ఇంకోదాని పుస్తెలకు గిట్లనే చుక్కలు పెడుతరు. ఆయన సంగతి కావాల్నంటే ఆయనున్నకాడికి పోయి అడగాలె. నేనే పోత. భివండికి."

ఒంటరి ఆడది భివండికా అని ఒకరు, మతి పోయిందని ఒకరు. అవ్వ లోపలికి పోయి రొట్టెలు కొట్టడం మొదలుపెట్టింది. జొన్నరొట్టెల చప్పుడు బయటికి వినబడుతోంది, దబదబ, దబదబ. ఆ కోపానికి ఆ రోజు రొట్టెలు ఎంత పలుచగా వచ్చాయో!

 మధ్యాహ్నం నాయినమ్మ నన్ను పిలిచి, "గాడిది బిడ్డ, నా చింతగింజలు తే," అన్నది. తింటుందనుకున్నాను. ఏడుకు ఏడు పేర్చి, కళ్లు కనబడకున్నా వేళ్లతో తడుముతూ పోగు తిప్పింది. ఒక ముడి పడింది, రెండు, మూడు. ఏడో ముడి పడ్డాక గింజల మీద చెయ్యి పెట్టింది.

"నా చేతులతోనే నా కొడుకును సంపుకుందును గదనే," అన్నది.

అవ్వ భివండికి కూలికి పోతున్న ఒక కుటుంబంతో కలిసి బస్సెక్కింది. ఆమె లేని రోజుల్లో ముగ్గు నేనే వేశాను. వంకర్లు పోయేది. నాయినమ్మ పక్కన పీట వేసుకుని కాపలా కూర్చునేది. ఎవరైనా ఆగి చూస్తే, "ఏంది? ఎన్నడు ముగ్గు చూడలేదా? లెక్క నేర్సుకుంటవా? రా, కూసో," అనేది. ఎవరూ కూర్చోలేదు.

అవ్వ ఒక్కతే తిరిగొచ్చింది. కాళ్లు వాచి ఉన్నాయి. పెద్దబాపు గబగబా ఎదురుపోయి, గోడవైపు తిరగడం మరిచిపోయి, ఆమె మొహంలోకే చూస్తూ అడిగాడు. "ఏమన్న తెలిసిందా?"

ఆ కూలిన షెడ్డు కనబడిందట. అందులో పోయినవాళ్ల పేర్లు అక్కడివాళ్లు ఒక్కొక్కటే చెప్పారట. బాపు పేరు లేదు. అంతకుముందే సేటుతో తగవుపడి పని మానుకుని పోయాడట. సూరత్ అన్నాడొకడు, మాలేగావ్ అన్నాడొకడు. అవ్వ షెడ్డు షెడ్డుకూ తిరిగింది, రాని భాషలో అడిగింది. ఆ పైన జాడ లేదు.

"ఉన్నడని తెల్వలే," అన్నది పెద్దబాపుతో. "సచ్చిండని చెప్పినోడు గూడ లేడు. పోయేటప్పుడు ఎట్లున్ననో గట్లనే ఉన్న బావా."

ఆయన తల ఊపి, ఆమె చేతిలోని మూట అందుకున్నాడు.

ఇక కోరుట్ల వాళ్లు. మధ్యవర్తి మాటలు విని విని విసిగి, పిల్లగాడి తల్లే స్వయంగా వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. చీరకు తునికాకు వాసన, వేలి కొసలు నల్లగా. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి ముగ్గు చూసింది. పెద్దమ్మ భయపడుతూ, "మా చెల్లె ఏస్తది, ఎంత చెప్పినా ఇనది. దినాల సంగతి ఇంక..." అని నసిగింది.

"దినాలేంది?" అన్నది ఆమె. "మా ఇంటాయన దుబాయి వొయ్యిండు. మాట లేదు, మంతనం లేదు, రెండు వానకాలాలైంది. ఇట్ల లెక్క తీస్తే నేను గూడ ముండమోసినట్టే. మరి నా ఇంటికి పిల్లనెట్ల ఇస్తున్రు మీరు?"

పెద్దమ్మ గబగబా పీట తెచ్చి వేసింది.

"మా దిక్కు గల్లీల సగం ఇండ్లు గట్లనే ఉన్నయ్. అందరం బొట్టు తుడుసుకుంటే కోరుట్లల కుంకుమ అమ్మేటోడు కొట్టు మూసుకోవాలె. మధ్యవర్తి మోసినయి మా ఇంట్ల పెద్దోడు, మా బావ మాటలు. నా మాట ఇది." అని అవ్వవైపు తిరిగింది. "చెల్లె, లగ్గంనాడు పందిట్ల పెండ్లికి ఏసే పోలు ముగ్గు నువ్వే ఏస్తవు. ఆ చెయ్యెత్తని ముగ్గే కావాలె. మా వోళ్లల్ల ఎవరన్న ఏమన్న అంటే నన్ను పిలువు."

ఆ పెళ్లిలో అవ్వే వేసింది. అనేవాళ్లు అన్నారు. కొందరు పెద్దలు ముగ్గు దాటకుండా పక్కనుంచి చుట్టు తిరిగి పోయారు. అవ్వ వాళ్లకు ముందుగా వడ్డించింది, బూరెలు రెండేసి.

ఆ తర్వాత ఏళ్లకు ఏళ్లు. సాంచెలు నడిచాయి, మళ్లీ ఆగాయి, మళ్లీ నడిచాయి. బాపు రాలేదు, రాడన్న కబురూ రాలేదు. వేములవాడ పోయినా, ఏ పూజారి ముందు గోత్రం చెప్పినా అవ్వ బాపు పేరు బతికున్నవాళ్ల వరుసలోనే చెప్పేది. ఆఫీసులో ఒకాయన భర్త పేరు ముందర స్వర్గీయ అని రాయబోతే, "రాస్తే కలం గుంజుకుంట" అన్నది. ఆమెకు ఆశ ఉండేదా? చాలామంది నన్ను అడిగారు. నాకు తెలియదు. నేనొకసారి అడిగితే, "ఆశ ఉన్నదా లేదా నాకెందుకు? తెల్వనిదాన్ని తెల్వదనే అంటున్న. అది గూడ అననియ్యరా?" అన్నది.

అవ్వ పోయిన పొద్దున ఆడవాళ్లు స్నానం చేయించి, పసుపు గిన్నె చేతిలో పట్టుకుని ఆగిపోయారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పుణ్యస్త్రీగా సాగనంపాలా, వద్దా? బయటి నుంచి ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, "ఆయన ఉంటే గిప్పటికి తొంభై దాటి ఉంటయ్ బిడ్డా" అన్నాడు.

"దాటనియ్యుండ్రి," అన్నాను.

పసుపు నేనే రాశాను. గాజులు నిండుగా తొడిగాను. పూలు తక్కువైతే మళ్లీ తెప్పించాను. కుంకుమ ఆమె రోజూ పెట్టుకునేదానికంటే పెద్దగా, అరుగు మీద నిలబడ్డ మగవాళ్లకు కూడా కనబడేంత పెద్దగా పెట్టాను.  ఆమె ఉన్నన్నాళ్లూ ఎన్నో అన్నవాళ్లే, తలలు వంచుకుని పాడె ఎత్తుకున్నారు.

ఆమె దినాలు అయ్యేదాకా మా గడప ముందర ముగ్గు పడలేదు. అలికి ఊరుకున్నాను. ఆ వాకిలిని అంత బోసిగా నేను ఎన్నడూ చూడలేదు. అది అవ్వ కోసం. బాపు కోసం మా దిక్కు వాకిలి ఒక్క పొద్దు కూడా ఖాళీగా ఉండలేదు.